రెండు డిస్కుల పోరు... నలిగింది కొన్నవారే!

మార్కెట్లోకి ఒకే అవసరానికి రెండు రకాల వస్తువులు ఒకేసారి వచ్చి, ఒకదానికొకటి పొసగనప్పుడు వినియోగదారుడికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఏది కొనాలి? దీనికి తొందరపడి జవాబు చెప్పుకొన్నవారు ఎలాంటి మూల్యం చెల్లించారో 2006-08 మధ్య సాగిన హైడెఫినిషన్ డిస్కుల పోరు తేటతెల్లం చేసింది. సోనీ నాయకత్వంలో బ్లూ-రే, తోషిబా నాయకత్వంలో హెచ్‌డీ డీవీడీ బరిలోకి దిగాయి. రెండేళ్లు తిరగకుండానే రెండోది చేతులెత్తేసింది. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 లక్షల హెచ్‌డీ డీవీడీ యంత్రాలు అమ్ముడుపోయాయి. ఆంబోతుల కొట్లాటలో లేగదూడలు నలిగినట్లు, ఈ పోరులో నలిగింది వాటిని కొన్నవారే.

తేడా ఎక్కడ?

మామూలు డీవీడీని చదివేది ఎర్రని లేజర్ కిరణం. ఒక పొరలో 4.7 గిగాబైట్ల సమాచారం మాత్రమే పడుతుంది. హైడెఫినిషన్ సినిమాకు ఆ చోటు చాలదు. అందుకే ఇరువర్గాలూ 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలి-ఊదా లేజర్‌ను ఎంచుకున్నాయి. కిరణం ఎంత సన్నబడితే అంత దగ్గరదగ్గరగా సమాచారాన్ని ముద్రించవచ్చు.

దారులు వేరైంది డిస్కు నిర్మాణంలోనే. బ్లూ-రేలో సమాచారపు పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. ఒక పొరలో 25, రెండు పొరల్లో 50 గిగాబైట్లు పడతాయి. అయితే గీతలు పడే ప్రమాదం ఎక్కువ కనుక పైన గట్టి పూత వేయాల్సి వచ్చింది. కర్మాగారాల్లో కొత్త యంత్రాలూ అవసరమయ్యాయి. హెచ్‌డీ డీవీడీలో ఆ పొర పాత డీవీడీలో మాదిరిగానే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. సామర్థ్యం 15, 30 గిగాబైట్లకే పరిమితమైనా, ఉన్న యంత్రాలను కొద్దిగా మార్చి డిస్కులు తయారు చేసుకోవచ్చు.

తెరపై మాత్రం రెండూ 1080 గీతల బొమ్మనే చూపగలవు. సమాచారాన్ని కుదించే పద్ధతులూ రెండింటికీ ఒకటే. అంటే బొమ్మ నాణ్యతను చూసి గెలుపెవరిదో తేల్చుకునే అవకాశం కొనుగోలుదారుడికి దాదాపు లేదు.

మన వారికి సంబంధించిన తేడా ఒకటుంది. హెచ్‌డీ డీవీడీకి ప్రాంతాల వారీ కట్టడి లేదు. బ్లూ-రేకు ఉంది. అమెరికా 'ఎ' ప్రాంతంలోను, భారత్ 'సి' ప్రాంతంలోను ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడ కొన్న డిస్కుకు ఆ కట్టడి ఉంటే, ఇక్కడి ప్లేయర్‌లో అది ఆడదు. 2016లో వచ్చిన 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కులకు మాత్రం ఈ కట్టడిని తొలగించారు.

అప్పుడు కుదిరింది... తర్వాత కుదరలేదు

డీవీడీ పుట్టుకకు ముందు కూడా ఇలాంటి చీలికే వచ్చింది. సోనీ, ఫిలిప్స్ ఒక నమూనాతో, తోషిబా వర్గం మరో నమూనాతో సిద్ధమయ్యాయి. రెండింటినీ ఆదరించేది లేదని, ఒక్కటే కావాలని ఐబీఎం తదితర కంప్యూటర్ సంస్థలు పట్టుబట్టడంతో 1995లో రాజీ కుదిరింది. ప్రపంచమంతటా డీవీడీ వ్యాపించడానికి ఆ ఐక్యతే పునాది.

2005లోనూ ఇరువర్గాల మధ్య చర్చలు జరిగాయి. డిస్కు నిర్మాణం విషయంలో ఎవరూ మెట్టు దిగలేదు. పేటెంట్లపై ఏళ్ల తరబడి రాబడి తెచ్చే వ్యవహారం కావడంతో పట్టుదలలు మరింత పెరిగాయి. గట్టిగా మందలించే పెద్దమనిషి ఈసారి లేకపోయాడు. కంప్యూటర్ సంస్థలే రెండుగా చీలాయి. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ హెచ్‌డీ డీవీడీ పక్షాన నిలిస్తే, యాపిల్, డెల్ బ్లూ-రే వైపు చేరాయి.

గెలిపించింది బొమ్మ కాదు, బలగం

ధరలోనైతే హెచ్‌డీ డీవీడీదే పైచేయి. 2006 ఏప్రిల్‌లో అమెరికాలో తోషిబా తొలి ప్లేయర్ 499 డాలర్లకు వచ్చింది. జూన్‌లో వచ్చిన శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్ ఖరీదు దాదాపు 1000 డాలర్లు. అయినా ఫలితం తారుమారైంది.

ఆ ఏడాది నవంబరులో విడుదలైన ప్లేస్టేషన్ 3లో సోనీ బ్లూ-రే డ్రైవ్‌ను అంతర్భాగం చేసింది. ఆట కోసం కొన్న ప్రతి ఇంట్లోకీ బ్లూ-రే తనంత తానుగా చేరింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవ్‌ను విడిగా 199 డాలర్లకు అమ్మింది. విడిగా అమ్మేదాన్ని అందరూ కొనరు.

అసలు తీర్పు హాలీవుడ్ స్టూడియోల చేతిలో ఉంది. సోనీ పిక్చర్స్, డిస్నీ, ఫాక్స్ బ్లూ-రేకు, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీకి కట్టుబడ్డాయి. వార్నర్, పారమౌంట్ రెండింటిలోనూ సినిమాలు విడుదల చేశాయి. 2007 ఆగస్టులో పారమౌంట్ పూర్తిగా హెచ్‌డీ డీవీడీ వైపు వెళ్లింది. నవంబరులో వాల్‌మార్ట్ ఒక తోషిబా ప్లేయర్‌ను 100 డాలర్ల లోపే అమ్మకానికి పెట్టింది. చౌకగా వస్తోందని జనం ఎగబడ్డారు.

రెండు నెలలకే అంతా తలకిందులైంది. ఇకపై బ్లూ-రేలోనే సినిమాలు తెస్తామని 2008 జనవరి 4న వార్నర్ ప్రకటించింది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ వరుసగా బ్లూ-రే పక్షం వహించాయి. ఫిబ్రవరి 19న తోషిబా ఓటమిని అంగీకరించి తయారీ నిలిపివేస్తున్నట్లు తెలిపింది. చౌక బేరం అనుకొని నవంబరులో కొన్నవారికి దక్కింది మూడున్నర నెలల ముచ్చటే.

మిగిలిందేమిటి?

కొన్న యంత్రం పూర్తిగా వృథా కాలేదు. పాత డీవీడీలు అందులో ఆడతాయి. చేతిలో ఉన్న హెచ్‌డీ డీవీడీలూ ఆడతాయి. కానీ కొత్త సినిమాలు రావు, యంత్రం పాడైతే మరొకటి దొరకదు. తన వద్ద ప్లేయర్లు కొన్నవారికి బెస్ట్ బై 50 డాలర్ల గిఫ్ట్ కార్డులిచ్చింది. తోషిబా సైతం 2009లో బ్లూ-రే కూటమిలో చేరింది. కంపెనీ గూడు మార్చుకోగలిగింది. కొనుగోలుదారుడి అలమారలోని డిస్కులు మారలేవు.

మన జిల్లాలకు ఈ పోరు సెగ పెద్దగా తగల్లేదు. అప్పట్లో ఇక్కడ వీసీడీ, డీవీడీలదే రాజ్యం. 2007లో మోజర్ బేర్ సంస్థ అత్యంత చౌకగా సినిమా డిస్కులను మార్కెట్లోకి తెచ్చింది. హైడెఫినిషన్ టీవీలే అరుదైన రోజుల్లో ఆ డిస్కుల జోలికి వెళ్లాల్సిన అవసరం ఎందరికో రాలేదు.

గెలిచిన బ్లూ-రేకూ డీవీడీ అంతటి వైభవం దక్కలేదు. సినిమాలు ఇంటర్నెట్ దారి పట్టాయి. 2019లో అమెరికా విపణికి కొత్త ప్లేయర్లు తేబోమని శాంసంగ్ ప్రకటించింది. 2023లో నెట్‌ఫ్లిక్స్ డిస్కుల అద్దె సేవను ముగించింది. 2025 ఫిబ్రవరిలో సోనీ రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపింది. అయితే కొన్న డిస్కు మన సొత్తు. ఓటీటీలో హక్కుల గడువు తీరిన సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది.

కొనేముందు అడగాల్సినవి

ఇప్పుడు టీవీ కొనబోయేవారికి డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ పేర్లతో దాదాపు ఇలాంటి సందిగ్ధమే ఎదురవుతోంది. అయితే ఈసారి భయం తక్కువ. హెచ్‌డీఆర్10 అనే ఉమ్మడి ప్రమాణం ఉండటంతో, ఏ పక్షం టీవీ కొన్నా సినిమా చూడవచ్చు. ఉమ్మడి పునాది ఉన్నచోట పోటీ మేలు చేస్తుంది, లేనిచోట వినియోగదారుడిని ముంచుతుంది. ఆనాటి పోరు సారాంశమిదే.

కాబట్టి కొత్త ప్రమాణమేదైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తయారుచేసిన కంపెనీ కాకుండా దాన్ని ఇంకెవరు సమర్థిస్తున్నారు? ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటితో అది పనిచేస్తుందా? రేపు అది ఓడిపోతే మన చేతిలో మిగిలేదేమిటి? వీటికి సంతృప్తికరమైన జవాబు దొరికేదాకా ఆగడంలో నష్టం లేదు. ధర ఒక్కసారిగా పడిపోతే సంబరపడేముందు ఎందుకు పడిపోయిందో కూడా ఆరా తీయాలి. 2007 నవంబరులో వాల్‌మార్ట్ ముందు బారులు తీరినవారు అడగనిది ఆ ప్రశ్నే.