ఎందుకు తగ్గిందో ఎవరూ అడగరు

హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి కాగితం మీద రాసివ్వడం నా ఉద్యోగం. సర్వీసంతా శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ ల్యాబుల్లోనే గడిచింది. కొన్నాళ్లు సీతంపేట ఏజెన్సీ (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిందనుకోండి), తర్వాత ఉద్దానం. ఎనిమిది అని నేను రాయగానే చీటీ మీద ఏం పడుతుందో నాకు ముందే తెలిసేది. ఐరన్ బిళ్లలు, ఓ టానిక్కు. ఎనిమిదికి ఎందుకు పడిపోయిందని అడిగే ఓపిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పటికీ లేదనే నా ఫిర్యాదు.

మనవాళ్లలో చాలామందికి తక్కువైంది ఇనుమే, కాదనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వేలికి సూది గుచ్చుతుంటే కూడా కొంగుముడిలోంచి పచ్చి బియ్యం తీసి నమిలే గర్భిణులను ఎందరినో చూశాను. వెంట వచ్చిన అత్తలు వేవిళ్ల కోరికలే అని నవ్వేసేవారు. ఇనుము బాగా తగ్గినవాళ్లకు మట్టి, బలపాలు, పచ్చి బియ్యం మీదికి మనసు పోతుంది. అది నవ్వాల్సిన విషయం కాదు.

ఆ ఇనుము తగ్గడానికైనా కారణం ఒక్కటే ఉండదు. చెప్పుల్లేకుండా తోటల్లో తిరిగేవాళ్ల పాదాల్లోంచి కొంకిపురుగు పిల్లలు లోపలికి దూరి, పేగును కరుచుకుని రోజూ కాస్తకాస్త రక్తం తాగుతుంటాయి. పురుగును చంపకుండా ఐరన్ ఇస్తే బలమంతా పురుగుకే. ఇక యాభై దాటిన మగవాడికి ఇనుము తగ్గిందంటే, అతనికి నెలసరి లేదు, కాన్పులు లేవు. పొట్టలో పుండో, మొలలో, పేగు క్యాన్సరో, ఎక్కడో రక్తం పోతోందని అనుమానించాలి. ఆరు నెలలు టానిక్కు తాగిస్తూ కూర్చుంటే ఆ క్యాన్సరుకు ఆరు నెలల గడువిచ్చినట్టే.

గాజుపలక మీద చుక్క రక్తం పరిచి, లీష్‌మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే సగం కథ తెలుస్తుంది. ఇనుము చాలని ఎర్రకణాలు చిన్నగా, నడుమ వెలిసిపోయి ఉంటాయి. బి12 గానీ ఫోలిక్ ఆమ్లం గానీ తగ్గితే కణాలు ఉబ్బి పెద్దవవుతాయి. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లలో, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే. వాళ్లకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతూ నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. రిపోర్టు బాగుంటుంది, మనిషి బాగుండడు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగు జబ్బు తన సోదరులను ఎందుకు తీసుకుపోయిందన్న ప్రశ్న ఆయన్ని చాలాకాలం వదల్లేదంటారు.

ఏజెన్సీలో ఒళ్లు నొప్పులతో పదేపదే వచ్చే పిల్లల రక్తాన్ని ద్రావణంలో కలిపి, గొట్టం వెనక గీతల కాగితం పెట్టేవాళ్లం. గీతలు కనబడకుండా మసకబారితే సికిల్ సెల్ అని అనుమానం. కేంద్రం 2047 నాటికి దాన్ని నిర్మూలిస్తామని 2023లో మిషన్ మొదలుపెట్టింది, మంచిదే. తలసీమియా వాహకుల సంగతి మరీ మాయ. కణాలు చిన్నవే గానీ లెక్కకు లోటుండదు, అచ్చం ఇనుము లోపంలాగే కనబడుతుంది. ఎన్ని బిళ్లలు మింగించినా అంకె కదలదు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్ర తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం వెళ్లాక చూసిన రక్తహీనత ఇవేవీ కాదు. కణాలు తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపొయిటిన్ మూత్రపిండాల్లో పుడుతుంది. అవే పాడైతే చెప్పేదెవరు? ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ కావాల్సిన మనిషికి ఇంట్లోవాళ్లు రక్తం పడుతుందని దానిమ్మరసం తాగిస్తుంటారు. ఎర్రగా ఉన్నదల్లా రక్తం చేస్తుందని మనకో నమ్మకం. కిడ్నీ చెడినవాళ్లకు ఆ రసంలోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది.

ఇదంతా తేల్చడానికి కోట్ల యంత్రాలేం అక్కర్లేదు. రక్తకణాలు లెక్కపెట్టే మిషను ఉన్న ప్రతిచోటా హిమోగ్లోబిన్‌తో పాటు కణం సైజు చెప్పే ఎంసీవీ కూడా అచ్చయి వస్తుంది. దాని వంక చూసేవాళ్లే లేరు. గర్భిణులకు నెల రోజులు బిళ్లలు వాడినా ఒక్క గ్రామైనా పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలని అనీమియా ముక్త్ భారత్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి రెండో నెల బిళ్లలకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ఎంసీవీ అన్న చోట వేలు పెట్టి డాక్టరుగారిని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.