మందుచీటిలో నడక

వైద్యుడు రోగిని పరీక్షించి మందుచీటి వ్రాయును. ఏ మాత్ర, ఎన్ని పూటలు, అన్నమునకు ముందా వెనుకనా, ఎన్ని దినములు, అన్నియు నందుండును. రోగి లేచి గుమ్మము దాటబోవు సమయమున “కొంచెము నడచుచుండుడు” అను మాట వెనుకనుండి వినవచ్చును. ఎంత నడువవలెను? ఎంత వేగముగా? గుండెజబ్బు కలవాడు ఎచ్చట నిలువవలెను? చీటిలో దీనికి తావు లేదు. కోర్టులలో తిరుగువారము గనుక మాకొక సామ్యము తోచుచున్నది. ఎంత సొమ్మో, ఎన్నటికి చెల్లింపవలెనో చెప్పని డిక్రీని ఏ అమీనాయు అమలు జరుపజాలడు.

మన దేశమున మధుమేహపీడితులు 10 కోట్లకు మించి యున్నారని 2023 లో భారత వైద్యపరిశోధనామండలివారి సర్వే తేల్చినది. పెద్దవారిలో నూటికి దాదాపు 50 మందికి 2022 లో చాలినంత శరీరశ్రమ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క. స్త్రీలలో నూటికి 57 మంది. దినమంతయు నడుము వంచి నాట్లు వేయు కూలి స్త్రీకి మేము ఈ హితబోధ చేయుటలేదు. ఆమెకు కావలసినది విశ్రాంతియు, చాలిన కూలియు. బల్లలయొద్దను, అంగళ్లయందును కూర్చుండి ప్రొద్దుపుచ్చు మనబోంట్ల సంగతియే యిది.

ఇది పాశ్చాత్యుల క్రొత్త పోకడ యని కొందరందురు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున, ప్రమేహరోగి బీదవాడైనచో చెప్పులును గొడుగును లేక, గ్రామమున కొక్క రాత్రి మాత్రమే నిలిచి, నూరు యోజనములు నడువవలెనని యున్నది. చెప్పులు లేని నడక నేటి మధుమేహరోగికి తగదు. స్పర్శ తప్పిన పాదమున చిన్న గాయమైనను కాలు తీయించువరకు పోవచ్చును. మనము గ్రహింపవలసినది వేఱు. ఆ ప్రాచీనుడు కొలత చెప్పెను. సామాన్య వ్యాయామమునకు బలములో సగము మేరకేయని హద్దును పెట్టెను.

ఇక ఆసుపత్రి మంచము. శస్త్రచికిత్సయైన తండ్రి ప్రక్కకు ఒత్తిగిల్లినను “కదలకుము నాయనా” యని ఇంటిల్లిపాదియు వారించుట మన ప్రేమ. ఆ ప్రేమ వలననే కాళ్లలో రక్తము గడ్డకట్టును, ఊపిరితిత్తులలో కఫము నిలుచును, వీపున పుండ్లు లేచును. 1966 లో అమెరికాలోని డల్లాసు నగరమున ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములు మంచముపై నుంచి పరీక్షించిరి. ముప్పది యేండ్లకు మరల వారినే పరీక్షింపగా, శ్రమకోర్చు శక్తికి ముప్పది యేండ్ల వయస్సు చేసిన హానికంటె ఆ మూడు వారముల పడకయే హెచ్చు హాని చేసినట్లు తేలెను.

వైద్యుడు అనుమతించిన పిమ్మట రోగిని లేపి కూర్చుండబెట్టి, నాలుగడుగులు వేయించునది నర్సు. వార్డునంతటిని ఒక్కతె చూచుకొను రాత్రులలో ఆమె ఎందరిని లేపగలదు? నర్సులను పెంచుట సర్కారువారి బాధ్యత. అంతవరకు రోగికి తోడుగా వచ్చి నేలపై చాప పరచుకొనిన బంధువు గలడుగదా! రోగిని ఎట్లు పట్టి లేపవలెనో, ఎప్పుడు మరల కూర్చుండబెట్టవలెనో ఆతనికి ఒక్కమారు నేర్పినచో చాలును.

తమకు తీరిక లేదని వైద్యులందురు. నిజమే, రాత్రి పది గంటలవరకు కుర్చీ దిగని వైద్యునికే నడక చీటి వ్రాయవలసి యున్నది! అయినను ఒక పంక్తికి అరనిమిషము చాలును. వారమునకు 150 నిమిషములు మొదలు 300 వరకు చురుకైన నడకవంటి శ్రమ పెద్దలకు వలయునని, మధుమేహము, రక్తపుపోటు కలవారికిని ఇదియే వర్తించునని, చేతకానివారు చేతనైనంతతో మొదలిడవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020 లో చెప్పిరి. న్యూజీలాండులో 1998 నుండియే వైద్యులు “ఆకుపచ్చ చీటి” పేర దీనిని వ్రాసియిచ్చుచున్నారు. “భోజనానంతరము పదునైదు నిమిషములు, దినమునకు రెండుమారులు, ఎదలో నొప్పి తోచిన నిలిచి మాకు తెలుపుడు” అని మన చీటిలో నేల వ్రాయరాదు? ఇన్సులిను వాడువారికి చక్కెర పడిపోవు సూచనలను నర్సు విడిగా చెప్పవలెను. మరుమారు వచ్చినపుడు రక్తపుపోటు చూచినట్లే నడక లెక్కయు నడుగవలెను. అడుగునని తెలిసినవాడు నడచును.

నడచుటకు చోటెక్కడ? ఆసుపత్రుల వరండాలలో విరిగిన మంచములును, త్రుప్పుపట్టిన బీరువాలును పేరుకొని యున్నచోట్ల, అధికారులు మొదట వానిని తీయించి, గోడవెంట చేయూత కమ్మీ నొకదానిని బిగింపింతురు గాక.