ధోనీ రనౌట్: ఫోన్ స్లో-మో చూసి తేల్చగలమా?

తిరుపతి, చిత్తూరు వైపు ఏ టీ అంగడి దగ్గరైనా సీఎస్‌కే ఫ్యాన్స్ ముందు 2019 ఐపీఎల్ ఫైనల్ మాటెత్తి చూడండి. హైదరాబాద్ ఉప్పల్‌లో ఇషాన్ కిషన్ డైరెక్ట్ త్రో, 2 పరుగులకే ధోనీ రనౌట్, చివరికి ముంబై గెలిచింది ఒక్క పరుగుతో. థర్డ్ అంపైర్ నైజెల్ లాంగ్ చాలాసేపు రీప్లేలు చూసి ఔటిచ్చాడు. ఒక యాంగిల్‌లో బ్యాట్ లైన్ దాటినట్టుంది, ఇంకోదాంట్లో దాటనట్టుంది. ఇప్పటికీ ఆ క్లిప్ ఫోన్‌లో ఆపి, జూమ్ చేసి గొడవపడేవాళ్లున్నారు.

ఆ జూమ్ దండగ. లెక్క చూడండి: బ్యాట్ సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తుంటే, 30 ఎఫ్‌పీఎస్ వీడియోలో ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి 23 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 240లో తీసినా దాదాపు 3 సెంటీమీటర్లు. బెయిల్ సరిగ్గా ఆ మధ్యలోనే లేస్తే? పైగా కొన్ని ఫోన్ల '960 ఎఫ్‌పీఎస్'లో చాలా ఫ్రేములు సాఫ్ట్‌వేర్ ఊహించి అల్లినవే. లోకల్ మ్యాచ్‌లో దాన్ని సాక్ష్యంగా పెట్టకండి, ప్లీజ్.

టీవీ వాళ్లు రీప్లే పక్కనే ఎఫ్‌పీఎస్ వేయాలి, రెండు యాంగిల్స్‌ని ఒకే క్షణానికి సింక్ చేసి చూపించాలి. అంతవరకు లాంగ్‌ని తిట్టడానికి మన దగ్గర ఆధారం లేదు. నేనూ చెన్నై ఫ్యానే లెండి, నాకైతే అది నాటౌటే!