కాలియాకి త్రీడీలోనూ అదే పాత్రా?

ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్లో మొదలైంది. తీసింది మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ, సృష్టికర్త రాజీవ్ చిలక గారు. మా తరం హాస్టల్ పిల్లలకి ఆదివారం టీవీ అంటే ఢోలక్‌పూరే! భీమ్ లడ్డూ తిని ఎగిరితే మేము ట్రంకు పెట్టెల మీంచి ఎగిరేవాళ్లం. (లడ్డూ మాకు పండక్కే, అది వేరే సంగతి.)

2019లో విడుదలైన 'కుంగ్ ఫూ ధమాకా' సినిమాని ఈమధ్య పాత మిత్రులమంతా కలిసి చూశాం. త్రీడీ బొమ్మలు, చైనా, కుంగ్ ఫూ పోటీ... పనితనం బాగా పెరిగింది, ఒప్పుకోవాలి. మరి కాలియా? ఇంకా నవ్వించడానికే ఉన్నాడు. పెద్ద ఒళ్లు, గొప్పలు, చివరికి నవ్వులపాలు. హిందీలో ఆ పేరుకి నల్లవాడనే అర్థం ఉంది. పిల్లల కార్టూనే కదా అంటారు. కానీ హాస్టల్లో నల్లగా, లావుగా ఉన్న కుర్రాడికి ఆ పేరు ఎంత తొందరగా అంటుకుంటుందో మనకి తెలుసు. పదో తరగతి దాటినా వదలదు. అతన్ని భీమ్ అని మాత్రం ఎవరూ పిలవరు.

కాలియాని కార్టూన్లో పహిల్వాన్ అంటారు. పహిల్వాన్ అంటే మన ప్రాంతంలో కోడి రామ్మూర్తి గారు! వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. లోకం ఆయన్ని కలియుగ భీముడంది. ఆ బలం లడ్డూతో వచ్చింది కాదు, కసరత్తుతో వచ్చింది. మన దగ్గర పహిల్వానే భీముడు. ఇంత కథ ఉండగా కార్టూన్లు తీసేవాళ్ల కంట ఎందుకు పడలేదో!

వాళ్ల కోసం ఆగనక్కర్లేదు. వచ్చే సంచికకి మాటలు మేము రాసిస్తాం, బొమ్మలేసే తమ్ముళ్లు ముందుకి రండి. ఏనుగుతోనే మొదలుపెడదాం.