చక్రములపై సంసారము

"మావారు వచ్చు సంవత్సరము తమ 65వ యేట ఉద్యోగము విరమింపనున్నారు. నాకు 61 సంవత్సరములు. పిల్ల లిద్దరును స్థిరపడిరి. ఇల్లమ్మివేసి, మోటారుహోము కొని, దేశమంతయు తిరుగుదమని వారి సంకల్పము. ఇల్లమ్ముటకు నా సంతకము కూడ కావలెను. చేయవచ్చునా, కూడదా?" అని టెక్సాసు రాష్ట్రమునుండి యొక సోదరి వ్రాసినారు. ఆమె యుత్తరములో మరి మూడు ప్రశ్నలు కలవు. బండిలో నేమేమి సామగ్రి యుండవలెను? తమ చిన్నకారును వెనుక లాగుకొని పోవచ్చునా? వచ్చు పింఛను ఖర్చులకు చాలునా? అమెరికాలో నున్న మన గృహిణులకు పెక్కుమందికి నిది యుపకరించునని తోచి, ప్రత్యుత్తరము నీ పుటలలోనే వ్రాయుచున్నాము.

స్వదేశమునందలి చదువరులకు ముందుగా రెండు మాటలు. వంటగది, పడక, స్నానపుగది, మరుగుదొడ్డి యన్నియు లోపలనే యమర్చిన బండిని మోటారుహోమందురు. మన పెద్దలు గూడుబండి కట్టించుకొని, బియ్యపుమూటతో, వంటపాత్రలతో తీర్థములకు బోయినట్లే, అమెరికాలో ఉద్యోగము విరమించిన దంపతు లనేకులు దీనిలో బయలుదేరుదురు. బస్సువలె నుండు పెద్దబండి 'ఎ' తరగతి. వ్యానులోనే సర్వమును ఇమిడ్చినది 'బి' తరగతి. ముందుభాగము ట్రక్కువలె నుండి, తోలువారి తలపై నొక పడక యున్నది 'సి' తరగతి. దంపతు లిద్దరికే యైనచో 'సి' తరగతి చాలునని మా యభిప్రాయము. 'ఎ' తరగతి బండి యందము చూచి మోసపోవువారు పలువురు.

సామగ్రి యనగానే అందరును సోఫాలు, టెలివిజనులు, చలియంత్రములు లెక్కించుకొందురు. మొదట లెక్కింపవలసినది బరువు. మనుష్యులును సామానును కలిసి యెన్ని పౌనులవరకు మోయవచ్చునో తెలుపు చీటి యొకటి ప్రతి మోటారుహోములోను తలుపు దగ్గర అంటింపబడి యుండును. కొనుటకు ముందే దానిని చదువవలెను. ఆ చీటిలో 1,500 పౌనులని యున్న దనుకొందము. నీటితొట్టి 60 గ్యాలనులది యైనచో, గ్యాలనుకు 8.3 పౌనుల చొప్పున నిండునీటి బరువే సుమారు 500 పౌనులగును. దంపతు లిద్దరి బరువు 300 పౌను లనుకొన్నచో మిగిలినది 700 మాత్రమే. వెనుక దేనినైనను లాగునపుడు కొక్కెముపై పడు భారము కూడ ఈ లెక్కలోనికే వచ్చును. ఇంక మన వంటయింటి సంగతి చెప్పనేల? పిండిరుబ్బు గ్రైండరు, దాని రాళ్ళు, ఇరువది పౌనుల బియ్యపుసంచులు, ఇడ్లీపాత్ర, కుక్కరులు, ఆవకాయ జాడీలు, పప్పుల డబ్బాలు అన్నియు నెక్కించినపిమ్మట ఆ 700 పౌనులు ఎట్లు కరగిపోయినవో తెలియదు. ప్రయాణమునకు సిద్ధపరచి, నీరు నింపి, ఇద్దరును కూర్చుండి, ట్రక్కులు నిలుచుచోట్ల నుండు కాటాపై బండిని తూయించవలెను. అధికభారమువలన టైరు పగులును, బ్రేకులు పట్టవు. గ్రైండరు నింటియొద్ద విడిచి, చిన్న మిక్సీతో సరిపెట్టుకొనుట మేలు.

మిక్సీ యనగానే విద్యుత్తు మాట వచ్చుచున్నది. అక్కడి విడిదిచోట్ల సామాన్యమైన స్తంభము 30 యాంపులది. 120 వోల్టులపై నది 3,600 వాట్లు. చలియంత్ర మొకటి నడచుచుండగా ఇండక్షను పొయ్యి వెలిగించి, మిక్సీ త్రిప్పినచో మీట పడిపోవుట నిశ్చయము. ఇక్కడినుండి 230 వోల్టుల మిక్సీని తీసికొనిపోవుట వ్యర్థము. స్తంభములో తీగెలు తప్పుగా కలిపియున్నను, ఒత్తిడి హెచ్చుతగ్గులైనను బండిలోని యంత్రములు కాలిపోకుండ, మధ్య నమర్చు రక్షణయంత్ర మొకటి దొరకును. సోఫాకు ముందు దానిని కొనవలెను. బ్యాటరీల విషయమున సీసపు బ్యాటరీలో నిలువయున్న శక్తిలో సగమే వాడుకొనుట క్షేమము. లిథియము బ్యాటరీలో చాలవరకు వాడుకొనవచ్చును, బరువును సగమే, కాని వెల హెచ్చు. గడ్డకట్టు చలిలో దానిని చార్జి చేయరాదు.

గ్యాసు పొయ్యి గల బండిలో ప్రొపేను కనిపెట్టు యంత్రము నేలకు దగ్గరగా నుండవలెను. ఆ గ్యాసు గాలికంటె బరువైనది, క్రిందనే చేరును. బొగ్గుపొగ విషమును కనిపెట్టు యంత్రము వేరొకటి. రెంటికిని కాలపరిమితి యుండును; అది వానిమీదనే ముద్రించియుండును. పాతబండి కొనువారు ముందుగా దీనిని చూడవలెను. మరుగుదొడ్డి తొట్టిని గూర్చి వ్రాయుటకు మాకు సంకోచమేమియు లేదు, ఆ పని తప్పించుకొన్న మగవారు కూడ కలరు. మురుగు తొట్టి మీటను సదా తెరచియుంచిన, నీరు పోయి మలము గట్టిపడి నిలిచిపోవును. మూడింట రెండువంతులు నిండువరకు మూసియుంచి, అటుపిమ్మట ముందు దానిని, వెనుక స్నానపునీటి తొట్టిని ఖాళీ చేసినచో ఆ నీటితోనే గొట్టము కడుగుకొనబడును.

టైరు చూచుటకు క్రొత్తగా నుండినను వయస్సుచేత చెడును. దాని ప్రక్కన చెక్కియుండు సంఖ్యలో కడపటి నాలుగంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 1421 అని యున్నచో 2021వ సంవత్సరపు 14వ వారమున తయారైనదని యర్థము. ఎక్కువకాలము నిలిపియుంచిన బండికి గాడులు నిండుగా నుండినను ఈ యంకెలనే చూడవలెను.

ఇక కారును లాగుట. మోటారుహోమును విడిదిలో నిలిపి, కూరగాయలకు, డాక్టరునొద్దకు పోవుటకు చిన్నకారు కావలెననుట సహజమే. ఇందుకు మూడు విధములు కలవు. నాలుగు చక్రములును నేలపై దొర్లునట్లు లాగుట. ముందు చక్రములను రెండుచక్రముల చిన్నబండిపై నెక్కించి లాగుట. కారంతటిని ట్రైలరుపై నెక్కించుట. మొదటిది సులభము, కాని ప్రతి కారును అట్లు లాగరాదు. ఇంజను నడచుచున్నపుడే నూనె ప్రసరించు గేరుపెట్టెలు గల కార్లను ఇంజను ఆపి నాలుగు చక్రములపై లాగినచో లోపల ఎండిపోయి విరిగిపోవును. కారుతో నిచ్చిన పుస్తకములో నాలుగు చక్రములపై లాగవచ్చునని స్పష్టముగా వ్రాసియుండవలెను. "మా బావగారు లాగుచున్నారు" అను మాట ప్రమాణము కాదు.

ఎంత బరువు లాగవచ్చునో తెలియుటకు బండిమీద రెండు సంఖ్యలు చూడవలెను. బండికి మాత్రమే అనుమతించిన బరువు 14,500 పౌనులనియు, లాగుదానితో కలిపి అనుమతించినది 22,000 అనియు నుండెననుకొందము. తేడా 7,500. కాని వెనుక కొక్కెముమీద 5,000 అని చెక్కియున్నచో 5,000 మాత్రమే. ఎప్పుడును చిన్నసంఖ్యనే పాటించవలెను. లాగబడు కారుకు సొంతముగా బ్రేకు పట్టు నేర్పాటుండవలెను. కొక్కెము విడిపోయినయెడల తనంతట తానే కారు నిలుచు మీటయు, గొలుసులును, వెనుక దీపములును ఉండవలెను. నాలుగు చక్రములపై లాగుచున్నపుడు వెనుకకు నడపరాదు. దారి తప్పి యిరుకుసందులో దూరినచో, రాత్రియైనను వానయైనను, దిగి కారును విడదీయవలసినదే. ఆ విడదీయుట, మరల తగిలించుట భర్తగారితో బాటు భార్యయు తన చేతులతో నాలుగైదు సారులు చేసి చూడవలెను.

ఇది మేము పట్టుపట్టి చెప్పు మాట. నగరమునకు దూరముగా నున్న విడిదిలో భర్తకు ఛాతినొప్పి వచ్చినచో అంత పెద్దబండిని ఎవరు నడపుదురు? కొననున్న బండిని గృహిణి ఖాళీస్థలములో రెండు గంటలు నడపి, త్రిప్పి, నిలిపి చూచిన పిమ్మటనే బేరము కుదుర్చుకొనవలెను. ఆమెకు సాధ్యము కానిచో అంతకంటె చిన్నది చూడవలెను. టెక్సాసులో 26,000 పౌనులకు మించిన బండికి సాధారణ లైసెన్సు చాలదనియు, వేరు పరీక్ష యున్నదనియు జ్ఞాపకముంచుకొనునది. బండి యెత్తును అడుగులలోను అంగుళములలోను వ్రాసి యెదుట అంటించుకొనవలెను. నార్తు కెరొలీనాలోని డర్హము పట్టణమున నొక రైలువంతెన పెక్కు లారీల కప్పులు చీల్చినది; 2019వ సంవత్సరములో దానిని ఎనిమిదంగుళములు పైకెత్తి 12 అడుగుల 4 అంగుళములు చేసిన తరువాతను తగిలించుకొనువారు కలరు.

ఇప్పుడు ధనము. ఏడాదికి 8,000 మైళ్ళు తిరుగుదురనియు, గ్యాలనుకు 8 మైళ్ళు వచ్చుననియు అనుకొన్నచో వేయి గ్యాలనులు కావలెను. గ్యాలను మూడున్నర డాలరులైనచో 3,500 డాలరులు. ఇది పెద్ద ఖర్చు కాదు. విడిది రుసుము రాత్రికి 50 డాలరు లనుకొన్నను నెలకు 1,500 అగును. ఒకేచోట నెల యుండినచో తగ్గును. 62 ఏండ్లు నిండిన అమెరికా పౌరులకును, శాశ్వతనివాసులకును ఫెడరల్ ఉద్యానవనముల జీవితకాలపు పాసు 80 డాలరులకు లభించును. 2017వ సంవత్సరమువరకు పది డాలరులే యుండెను. దానితో ఫెడరల్ విడిదిస్థలములు చాలచోట్ల సగము రుసుముకే దొరకును. ఇక్కడినుండి చూడవచ్చిన తల్లిదండ్రులకు సందర్శకుల వీసాపై ఈ పాసు రాదు.

పెద్దనష్టము కంటికి కనబడనిది. ఇల్లు సాధారణముగా విలువ నిలుపుకొనును. బండి వెల మొదటి సంవత్సరములలోనే వేగముగా తగ్గిపోవును. దానిని ఇరువదియేండ్ల అప్పుపై కొనువారు, అమ్ముదమనుకొనునాటికి బండి వెలకంటె అప్పే హెచ్చుగా నుండుట చూచి విచారింతురు. మరమ్మతుకు బండి వారములతరబడి దుకాణములో నుండిపోయిన దినములలో కాపురము హోటలులోనే. సంవత్సరమంతయు బండిలోనే నివసించువారికి మామూలు భీమా చాలదు. పూర్తికాలపు నివాసమునకు ప్రత్యేకమైన భీమా తీసికొనవలెను.

ఆ సోదరి యుత్తరములో మా హృదయమును కలవరపెట్టినది ఆమె వయస్సు. భర్తగారికి 65 నిండగానే మెడికేరు వచ్చును, కాని అది ఆయనకు మాత్రమే. ఆమెకు ఇంకను నాలుగేండ్లున్నవి. ఆయన ఉద్యోగము విడిచిననాడు ఆమె ఆరోగ్యభీమా కూడ పోవును. పూర్తి రుసుము తామే చెల్లించి పాత యజమాని పథకమును సాధారణముగా 18 నెలలు సాగించుకొనవచ్చును. అటుపిమ్మట బయట కొనవలెను. అట్లు కొను భీమా వారు ఏ రాష్ట్రమున నివాసులో దానినిబట్టి యుండును. పెక్కు పథకములు అత్యవసరములలో తప్ప ఆ ప్రాంతపు డాక్టరులకే చెల్లించును. మెడికేరులో కూడ, అసలు మెడికేరు దేశమంతట దానిని స్వీకరించు డాక్టరులందరియొద్దను చెల్లును గాని, అడ్వాంటేజి పథకములలో చాలవాటికి ప్రాంతపు హద్దు లుండును. నెలకొక రాష్ట్రమున నుండువారు ఈ సంగతి ముందు తేల్చుకొనవలెను. ఆమె నాలుగేండ్ల భీమా ఖర్చును బండి వెలలో భాగముగానే లెక్కింపవలెను.

పింఛను విషయమున నొకటి. 1960వ సంవత్సరమునగాని ఆ తరువాతగాని పుట్టినవారికి సోషల్ సెక్యూరిటీ పూర్తి పింఛను 67వ యేట వచ్చును. 62వ యేటనే తీసికొన్నచో నూటికి ముప్పది తగ్గును. 70వ యేటివరకు ఆగినచో పెరుగును. దంపతులలో నొకరు గతించిన పిమ్మట రెండు పింఛనులలో పెద్దదే మిగిలినవారికి నిలుచును, చిన్నది ఆగిపోవును. భర్త పింఛను పెద్దదైనచో, బండి ఖర్చులకొరకు ఆయన తొందరపడి తీసికొన్న తక్కువ పింఛనే రేపు ఆమె యొంటరి జీవితమునకు దక్కును. ఈ మాట చెప్పుట కష్టముగా నున్నను చెప్పకుండుట తగదు.

సంతకము సంగతికి వచ్చుచున్నాము. ఇప్పుడు చేయవలదు. అట్లని భర్తగారి కోరికను కాదనవలదు. ఇంటిని అద్దెకిచ్చి బయలుదేరవచ్చును. అమ్ముటకు ముందటి అయిదేండ్లలో రెండేండ్లు ఆ యింట నివసించినవారికి, అమ్మకపు లాభములో దంపతులకు 5,00,000 డాలరులవరకు పన్ను మినహాయింపు కలదు. కావున ఇల్లు విడిచిన తరువాత మూడేండ్లలోపల ఎప్పుడమ్మినను ఆ మినహాయింపు పోదు. అద్దెకిచ్చిన కాలమునకు తరుగుదల లెక్కపై కొంత పన్ను పడవచ్చును, అది లెక్కలవారి నడుగవలెను. మూడేండ్లు! చక్రములపై సంసారము రుచించునో లేదో తెలియుటకు అంతకంటె గడువేల?

దానికంటె ముందు, ఈ మార్చిలోనే యొక 'సి' తరగతి బండిని పది దినములకు అద్దెకు తీసికొనుడు. మొదటి రెండు రాత్రులు ఇంటికి గంట దూరములో నుండుడు. వాన కురిసిన దినమున ఇద్దరును ఆ చిన్నగదిలో నుదయమునుండి సాయంకాలమువరకు కూర్చుండి చూడుడు. మురుగు తొట్టిని ఒకసారి ఆయన, ఒకసారి మీరు ఖాళీ చేయుడు. పైసతో సహా లెక్క వ్రాయుడు. తిరిగివచ్చిన తరువాత ఆ లెక్కను మాకు పంపిన సంతోషింతుము. కదలుచున్న బండిలో పెరుగు తోడుకొనినదో లేదో కూడ తెలుపవలెను. ఆ సంగతి మరి ముగ్గురు సోదరీమణు లడిగియున్నారు.