ఇప్పుడేమి చదువుచున్నారు?

ఇద్దరు రైతులు త్రోవలో ఎదురుపడినచో "ఈ వానకాలమున నేమి వేసినారు?" అని యొకరి నొకరు అడుగుకొనుట మన పల్లెలలో మర్యాద. ఆ ప్రశ్నకు వచ్చు బదులుతో ఏ విత్తనము మొలకెత్తినదో, ఏ పైరునకు పురుగు పట్టినదో, ఏ నేలకేది తగునో ఊరంతకును తెలియును. ఇద్దరు ఉపాధ్యాయులు ఎదురుపడినచో బదిలీల మాట వచ్చును. కరువు భత్యము మాట వచ్చును. పరీక్షల మాటయు, పిల్లల అల్లరి మాటయు వచ్చును. "ఇప్పుడేమి చదువుచున్నారు?" అను ప్రశ్న మాత్రము మిక్కిలి అరుదుగా వినవచ్చును. అక్షరమే వృత్తిగా గలవారి నడుమ అక్షరమును గూర్చిన కుశలప్రశ్న లేకుండుట విచారింపదగిన విషయము.

"మీరేమి చదివినారు?" అని అడుగుట వేఱు, "ఇప్పుడేమి చదువుచున్నారు?" అని అడుగుట వేఱు. మొదటి ప్రశ్న పట్టములను, ఉత్తీర్ణతలను అడుగును. దానికి బదులు చెప్పునపుడు హెచ్చుతగ్గులు బయల్పడును, చిన్నవాడు చిన్నబుచ్చుకొనును. రెండవ ప్రశ్న అట్టిది కాదు. దాని యెదుట ఎం.ఏ. పట్టము పొందిన పండితుడును, ఏడవ తరగతి బాలికయు ఒక్కటే వరుసలో నిలుచుదురు. పండితుడు ముప్పది యేండ్ల క్రిందటి చదువునే నేటికిని చెప్పుకొని బ్రతుకుచున్నచో ఆ బాలికయే ముందుగా బదులు చెప్పగలదు. ఈ ప్రశ్నలో పరీక్ష లేదు, తోడు కోరుట కలదు.

పదిమంది కూడి చదువుకొనుట, చదివినది చెప్పుకొనుట మనకు క్రొత్త గాదు. రాత్రి భోజనములైన పిమ్మట ఒకరు పోతన భాగవతమును చదువగా, మఱియొకరు అర్థము చెప్పగా, వినువారు నడుమ నడుమ సందేహము లడుగుట తెలుగు పల్లెల పాత యలవాటు. అక్షరము రానివారు సైతము చిరుతల రామాయణమును నెలల తరబడి నేర్చుకొని, కంఠస్థము చేసి, ఆడి పాడిన యూళ్లు తెలంగాణమున పెక్కులు. మూలకు కూర్చుండి కన్నులతో మాత్రమే చదువుకొనుట అచ్చుయంత్రముతో పెరిగిన యలవాటు. అది మంచిదే. కాని, అట్లు చదివిన దానిని మరల నలుగురి నడుమకు తెచ్చుటను మనము మఱచినాము.

ఇతర దేశములందును ఈ యలవాటునకు మంచి చరిత్ర కలదు. 1727లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమున బెంజమిను ఫ్రాంక్లిను అను ముద్రాపకుడు జంటో యను చిన్న గోష్ఠి నేర్పఱచెను. శుక్రవారపు సాయంకాలములందు కూడెడి ఆ గోష్ఠిలో చెప్పులు కుట్టువాడు, అద్దములు బిగించువాడు, వడ్రంగి, భూములు కొలుచువాడు సభ్యులు. కూడినపుడు వేసికొనవలసిన ప్రశ్నల పట్టిక యొకటి వారికి కలదు. మీరు ఇటీవల చదివిన గ్రంథమున మాకు చెప్పదగిన విశేషమేమైన కనబడినదా యనునది ఆ పట్టికలో మొట్టమొదటి ప్రశ్న. తరువాత నాలుగేండ్లకు, 1731లో, ఆ గోష్ఠివారి పూనికతోనే చందాదారుల గ్రంథాలయము వెలసినది. ముందు మాట పుట్టినది. పుస్తకముల బీరువా పిమ్మట వచ్చినది.

మన తెలంగాణమున జరిగినదియు ఇంచుమించు ఇదియే. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు గారి యింట, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొన్నది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారును, నేడు సూర్యాపేట జిల్లాలోనున్న మునగాల సంస్థానమునకు రాజగు నాయని వేంకట రంగారావు గారును దానికి చేయూతనిచ్చిరి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము, 1918లో నల్లగొండలో షబ్నవీసు వేంకట రామనరసింహారావు గారి ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయము వెలసినవి. ఆ షబ్నవీసు వారే 1922లో నీలగిరి పత్రికను నల్లగొండ నుండి వెలువరించిరి.

ఆ కాలపు పరిస్థితిని నేటి విద్యార్థి యెఱుగవలెను. రాజ్యభాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే. సభ జరుపవలెనన్నచో ముందుగా అనుమతి పొందవలెనను 53వ గస్తీ నిషాను ప్రజల గొంతుపై కూర్చుండి యుండెను. 1921 నవంబరున హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో తెలుగున మాట్లాడబోయిన అల్లంపల్లి వేంకట రామారావు గారిని గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. గ్రంథాలయములను నెలకొల్పుట ఆ సంఘపు పనులలో ముఖ్యమైనది. సభ కూడుట కష్టమైనచోట పుస్తకమును చదివి చెప్పుకొనుటయే సభ యయ్యెను. పుస్తకమును గూర్చి మొదలైన మాట వెట్టిని గూర్చియు, పన్నులను గూర్చియు సాగెను. ఒక జాతి నోరు విప్పుట నేర్చినది ఈ చిన్న గదులలోనే.

తెలంగాణమున కవులు లేరను మాట వినవచ్చినపుడు సురవరం ప్రతాపరెడ్డి గారు చేసినదేమి? వాదమునకు దిగలేదు. తమ గోలకొండ పత్రిక ద్వారా కవులకు పిలుపునిచ్చి, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఊరూర వ్రాయువారున్నారు. అడుగువారే అంతవఱకు లేకపోయిరి. చదువు సంగతియు ఇట్టిదే. చదువరులు లేరని మనము తఱచుగా వాపోవుదుము. ఉన్నవారిని అడిగి చూచినామా యని మాత్రము తలపోయము.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు పెద్దబాటలో నకిరేకల్లు దాటి, సూర్యాపేట రాకముందే వచ్చు కేతేపల్లిని ఉదాహరణముగా గైకొందము. మూసీ ఆనకట్టకు చేరువనున్న వరిసీమ యిది. ఆ నకిరేకల్లు సమీపముననే 1915లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు జన్మించిరి. పేదఱికమున పుట్టిన ఆ బాలుడు ఒక ఉపాధ్యాయునకు వండిపెట్టుచు చదువు నేర్చుకొనెను. పిమ్మట హోటలులో పనిచేసెను. గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దెను. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొని ఊళ్లు తిరిగి అమ్మిరి. చెఱసాలలకు పోయి వచ్చిరి. 1955లో "ప్రజల మనిషి" నవలను వెలువరించిరి. దాశరథి గారు తమ "అగ్నిధార"ను వీరికే అంకితమిచ్చిరి. ఒక ఉపాధ్యాయుని యింటిలో వంటచేయు బాలునకు అక్షరము దొరకినందుననే ఇంత జరిగినది. నేటి మన బడులలో మధ్యాహ్న భోజనమునకు వరుసలో నిలుచుండు బాలురలో అట్టివారు లేరని చెప్పుట కెవనికి సాధ్యము?

ఇప్పుడు కేతేపల్లి బడిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె "ప్రజల మనిషి"ని చదువుచున్నదనుకొందము. నిజాము పాలనలోని పల్లె, దొర పెత్తనము, వెట్టి, మేల్కొనుచున్న జనము ఆ నవలలోని విషయములు. ఆమె దానిని ఒంటరిగా చదివి మూసినచో అది యొక కథగా మిగులును. చదివినంతవఱకు ఇంటిలో ముసలి తాతకు చెప్పినచో ఆయన తన తండ్రి చేసిన వెట్టిని చెప్పును. మఱునాడు తరగతిలో ఆమె ఆ రెంటిని కలిపి చెప్పినచో నవలలో ఏది సరిపోయినది, ఏది వేఱుగా నున్నది యను విచారము పుట్టును. మఱియొక బాలుడు "మా యింటిలో అట్లు చెప్పలేదు" అనును. అక్కడ చరిత్ర పాఠము మొదలగును. సాహిత్య విమర్శయు మొదలగును. 1948లో పదేండ్ల వయస్సు గలవారు నేడు ఎనుబది యేండ్లు మించినవారు. వారి జ్ఞాపకమునకును మన పుస్తకమునకును మాటలు కలుపు గడువు ఇక కొన్ని యేండ్లు మాత్రమే. ఈ పనిని తరువాతి తరమునకు వాయిదా వేయుటకు వీలులేదు.

ఇట్టి గోష్ఠికి ధనము అక్కఱలేదు. అధ్యక్షుడు, పూలదండలు, వందన సమర్పణ అసలే అక్కఱలేదు. నెలకొక గంట చాలును. కూడిన ప్రతివారును తాము ప్రస్తుతము చదువుచున్న పుస్తకమును చేతపట్టుకొని రావలెను. గ్రంథమంతటిని సంగ్రహించి చెప్పనక్కఱలేదు. అది ఉపన్యాసమగును, వినువారికి నిద్రవచ్చును. ఎన్నవ పుటలో నున్నారో చెప్పి, ఆ పుట వఱకు తమ్ము నిలిపిన సంగతి నొక్కదానిని చెప్పిన చాలును. నచ్చలేదన్నచో ఎందువలన నచ్చలేదో చెప్పవలెను. నలువది పుటలు చదివి విడిచిపెట్టితినని చెప్పుటకు సిగ్గుపడరాదు. ఇట్టి సభలకు పెద్ద చీడ గొప్పలు పోవుట. చదువని మహాగ్రంథము పేరు చెప్పుటకంటె చదువుచున్న అపరాధ పరిశోధక నవల పేరు చెప్పుట మేలు. మొదటిదానితో మాట ముగియును. రెండవదానితో మాట సాగును.

ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న యువకుడు తన పుస్తకమును తెచ్చినను కాదనరాదు. రైతు వ్యవసాయ శాఖవారి పుస్తకమును తెచ్చినను చోటు చూపవలెను. ఏమియు చదువుట లేదన్నవాడు విని పోవచ్చును. రెండు నెలలు వినినవాడు మూడవ నెల యొక పుస్తకము అడుగకపోడు. ప్రతి పుస్తకమునకు తగిన చదువరి యుండునని శియాలి రామామృత రంగనాథను గారు 1931లోనే గ్రంథాలయ సూత్రములలో నొకటిగా చెప్పిరి. ఆ పుస్తకమును ఆ చదువరిని కలుపునది సూచీపత్రము మాత్రమే కాదు. "ఇది నీకు నచ్చును" అని చెప్పు స్నేహితుని మాటయు కలుపును.

పుస్తకము లెక్కడివని కొందరడుగుదురు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును మనము చెల్లించుచునే యున్నాము. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము దీనికి ఆధారము. ఆ సొమ్ము మనది. దానితో కొన్న పుస్తకములు మనవి. మనము పోయి అడుగకున్నచో శాఖా గ్రంథాలయమున పోటీ పరీక్షల పుస్తకములు, దినపత్రికలు మాత్రమే కదలును. తక్కినవి బీరువాలలో చెదలకు ఆహారమగును. పాఠశాలకు వచ్చిన పుస్తకములు చిరిగిపోవునను భయముతో వానిని తాళమువేసి కాపాడు ప్రధానోపాధ్యాయులు కొందఱు కలరు. చిరిగిన పుస్తకము చదువబడిన పుస్తకము. జమాపట్టికలో చెక్కుచెదరని పుస్తకముల సంఖ్యను చూచి సంతోషించుట వరిగింజలను కుండలో దాచి నారుమడి పోయకుండుట వంటిది.

తీరిక లేదను మాటను మేము తోసివేయము. ఉపాధ్యాయులపై నేడు పడుచున్న లెక్కల పత్రముల భారము మాకు తెలియనిది కాదు. కాని, రాత్రి ఫోనును తడవుచు మనకు తెలియకయే గడపు అరగంట ప్రతివారికిని కలదు. అందులో పది పుటలు చదువవచ్చును. ఫోనులోనే పుస్తకమును చదువువాడును చదువరియే. అతడును గోష్ఠికి రావలసినవాడే.

ఉపాధ్యాయులకు వేఱుగా ఒక మాట చెప్పవలసియున్నది. బాలుడు మన ఉపదేశమును వినడు; మన చేతిలో నున్నదానిని చూచును. చదువుడు చదువుడని పదియేండ్లు చెప్పిన ఉపాధ్యాయుని చేత పాఠ్యపుస్తకము తప్ప మఱియొకటి చూడని బాలుడు, చదువనగా మార్కుల కొఱకు చేయు పనియని తలంచును. మార్కులు వచ్చిన మఱునాడు ఆ పని మానును. అతని తప్పేమి? తన గురువు ఒక పుస్తకమును సగములో నిలిపి, తరువాత ఏమగునో యని తహతహపడుట అతడు ఒకమారు కన్నులార చూచినచో, పది ఉపన్యాసములు చేయని పని జరుగును. తాను చదువుచున్నది తనకు పూర్తిగా అర్థము కాలేదని గురువు తరగతిలో చెప్పినచో ఇంకను మేలు. అర్థము కాకపోవుట అవమానము కాదని, అది చదువులో నొక మెట్టని అప్పుడు పిల్లలు గ్రహింతురు.

విద్యార్థులారా! మీ ఉపాధ్యాయుని ఈ ప్రశ్న అడుగుటకు మీకు హక్కు కలదు. వినయముగా అడుగుడు, కాని అడుగుడు. ఆయన మిమ్ము తిరిగి అడిగినచో చెప్పుటకు మీ యొద్దను ఒక పుస్తకము ఉండవలెను.

నవంబరు 14 నుండి 20 వఱకు గ్రంథాలయ వారోత్సవములు ఏటేట జరుగును. వానికొఱకు వేచియుండ నక్కఱలేదు. ప్రార్థనకు వరుసలు తీరకముందు, హాజరుపట్టీలో సంతకము చేయునపుడు, పక్కనున్న సహోపాధ్యాయుని ఒకమారు అడిగి చూడుడు: "ఏమండీ, ఇప్పుడేమి చదువుచున్నారు?"