చప్పుడు చేయని వేగం కోసం: ఎక్స్-59 ఎగిరాక మిగిలిన ప్రశ్న

2020 మే 20 మధ్యాహ్నం బెంగళూరులో ఒక్కసారిగా పెద్ద చప్పుడు వినిపించింది. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు కిటికీలు అదిరాయి. భూకంపమేమోనని కొందరు, ఎక్కడో ఏదో పేలిందని కొందరు బయటికి వచ్చి చూశారు. భూకంప మాపకాల్లో ఏమీ నమోదు కాలేదని అధికారులు చెప్పారు. ఆ తర్వాత రక్షణ శాఖ వివరణ వచ్చింది. పరీక్ష కోసం ఎగిరిన వాయుసేన విమానం ఒకటి 36 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో ధ్వనిని మించిన వేగం నుంచి కిందికి తగ్గుతున్నప్పుడు ఆ చప్పుడు వచ్చి ఉంటుందనీ, విమానం మాత్రం నగరానికి చాలా దూరంలోనే ఉందనీ, 65 నుంచి 80 కిలోమీటర్ల దూరానికి కూడా ఈ చప్పుడు వినిపించగలదనీ దాని సారాంశం.

ఆ మధ్యాహ్నం ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 28న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పామ్‌డేల్ నుంచి నాసా వారి ఎక్స్-59 విమానం మొదటిసారి ఎగిరింది. సుమారు గంట సేపు గాలిలో ఉండి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దిగింది. ఆ రోజు అది ధ్వని వేగాన్ని దాటలేదు, దాటాలని అనుకోలేదు కూడా. అయినా ప్రపంచమంతా దాని గురించి రాశారు. ఎందుకంటే ఇది వేగంలో రికార్డు కోసం కట్టిన విమానం కాదు. ధ్వనిని దాటి వెళ్తూ కింద ఉన్నవాళ్లను ఉలిక్కిపడేలా చేయకుండా ఉండగలదా అని తేల్చడానికి కట్టిన విమానం.

మన పిల్లలు చదివే జీకే పుస్తకాల్లో విమానాల పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది. ధ్వని వేగాన్ని మొదట దాటింది ఎవరు? 1947 అక్టోబర్ 14న బెల్ ఎక్స్-1లో చక్ యీగర్. మనిషి నడిపిన విమానాల్లో అన్నిటికన్నా వేగం ఏది? రాకెట్ ఇంజిన్‌తో ఎగిరిన ఎక్స్-15, 1967లో గంటకు 7,274 కిలోమీటర్లు. గాలి పీల్చుకునే జెట్ ఇంజిన్లతో అయితే ఎస్‌ఆర్-71, 1976 జూలై 28న గంటకు 3,529 కిలోమీటర్లు. దాదాపు యాభై ఏళ్లయినా ఈ రికార్డు చెక్కుచెదరలేదు. ప్రయాణికుల విమానం కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో వచ్చింది. పిల్లలు ఇవన్నీ కంఠస్థం చేస్తారు. క్విజ్‌లో మార్కులూ వస్తాయి. ఆ విమానాల కింద నేల మీద ఉన్నవాళ్ల సంగతి మాత్రం ఆ పట్టికలో ఏ గడిలోనూ ఉండదు.

పాఠం చెప్పే టీచర్లకు ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది మాటది. తెలుగు సైన్సు పుస్తకాల్లో ‘అతిధ్వని’ అంటే చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దం. గబ్బిలాలు చేసేది, ఆసుపత్రిలో స్కానింగ్‌కు వాడేది. ధ్వని కన్నా వేగంగా పోవడం అనే సంగతికీ దానికీ సంబంధం లేదు. పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. దీనికి సూపర్‌సోనిక్ అనే మాటే వాడి, ‘ధ్వనిని మించిన వేగం’ అని విడమరిచి చెప్పడం మేలు.

రెండోది భావానిది. విమానం ధ్వని వేగాన్ని దాటే ఆ ఒక్క క్షణంలోనే చప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. యానాంలో గౌతమి ఒడ్డున నిలబడి చూసిన పిల్లలకు దీన్ని సులువుగా చెప్పవచ్చు. లాంచీ పోతుంటే దాని ముక్కు దగ్గర నుంచి రెండు వైపులా అల పాయలుగా విడిపోయి వెనక్కి సాగుతుంది. లాంచీ మన ముందు నుంచి వెళ్లిపోయిన కాసేపటికి ఆ అల వచ్చి ఒడ్డుకు కొడుతుంది. లాంచీ పోయినంత దూరం ఒడ్డు పొడవునా ఒక్కో చోట ఒక్కోసారి కొడుతూనే ఉంటుంది. ధ్వనిని మించి పోయే విమానం వెనక కూడా గాలిలో ఇంచుమించు ఇలాంటి అలే శంకువు ఆకారంలో సాగుతుంది. దాని అంచు నేలను తాకిన ప్రతి చోటా ఒక ‘ఢాం’ వినిపిస్తుంది. విమానం ముక్కు దగ్గర పుట్టిన ఒత్తిడి, తోక దగ్గర పుట్టిన ఒత్తిడి వేరువేరుగా చేరితే ‘ఢాం ఢాం’ అని రెండుసార్లు వినిపిస్తుంది. అంటే కాంకార్డ్ మద్రాసు నుంచి బొంబాయికి పూర్తి వేగంతో ఎగిరి ఉంటే, దారి పొడవునా పదుల కిలోమీటర్ల వెడల్పున ప్రతి ఊరూ ఉలిక్కిపడేది.

అమెరికా దీన్ని ఒకసారి సొంత జనం మీదే పరీక్షించి చూసింది. 1964 ఫిబ్రవరిలో మొదలుపెట్టి సుమారు ఆరు నెలలు ఓక్లహోమా సిటీ మీదుగా యుద్ధ విమానాలను రోజుకు ఎనిమిదిసార్లు చొప్పున ధ్వనిని మించిన వేగంతో పంపారు. మొత్తం 1,253 చప్పుళ్లు. మొదటి కొన్ని వారాల్లోనే ఊళ్లోని ఎత్తయిన భవనాల అద్దాలు పగలడం మొదలైంది. 15 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. మరోపక్క సర్వే బృందం వేలమందిని మళ్లీ మళ్లీ కలిసి, ఈ చప్పుడుతో రోజూ బతకగలరా అని అడిగింది. చివరికి బతకలేమన్నవాళ్లు నలుగురిలో ఒకరికి పైగా తేలారు.

ఈ లెక్కను రెండు రకాలుగా చదవవచ్చు. ముగ్గురు సర్దుకుపోతామన్నారు కదా అని అధికారులు సంతోషించారు. మాకు మాత్రం నాలుగో మనిషే కనిపిస్తున్నాడు. నలుగురిలో ఒకరుగా ఉండడమంటే ఏమిటో ఈ పేజీ పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. పైగా ఓక్లహోమా సిటీలో పెద్ద వైమానిక స్థావరం ఉంది, పౌర విమానయాన శాఖ కేంద్రమూ ఉంది. చాలా ఇళ్లకు విమానాలే అన్నం పెట్టేవి. అలాంటి ఊళ్లోనే నాలుగో వంతు జనం కాదంటే, విమానంతో ఏ సంబంధమూ లేని ఊళ్ల మాటేమిటి? 1971లో అమెరికా పార్లమెంటు సొంత సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానానికి డబ్బు ఆపేసింది. 1973లో నేల మీదుగా పౌర విమానాలు ధ్వని వేగాన్ని దాటడాన్నే నిషేధించారు.

కాంకార్డ్ కథ అక్కడే సగం ముగిసింది. దాని ఇంజినీరింగ్ అద్భుతమే. ఎగురుతున్నప్పుడు వేడికి విమానం పొడవు పెరిగేది. బరువు కేంద్రం సరిగ్గా ఉండడానికి ఇంధనాన్ని ఒక తొట్టి నుంచి మరో తొట్టికి తోడేవాళ్లు. దిగేటప్పుడు పైలట్‌కు రన్‌వే కనిపించాలని ముక్కు కిందికి వంగేది. అయినా సముద్రం మీద తప్ప దానికి దారి దొరకలేదు. 1977 డిసెంబర్‌లో లండన్ నుంచి బహ్రెయిన్ మీదుగా సింగపూర్‌కు కాంకార్డ్ నడిపితే, చప్పుడు భరించలేమని మలేసియా అభ్యంతరం చెప్పింది. మూడు రాకపోకలతో అది ఆగింది. 1979లో మళ్లీ మొదలైనా మన దేశం తన గగనతలంలో ధ్వనిని మించిన వేగానికి ఒప్పుకోలేదు. గిట్టుబాటు కాక 1980లో సర్వీసు ఎత్తేశారు. మన ఇళ్లపై చప్పుడు పడకుండా మనం కూడా ఒకప్పుడు వద్దన్నామన్న సంగతి జీకే పుస్తకాల్లో ఎక్కడా లేకపోవడం మాకు కొంచెం వెలితిగానే అనిపిస్తుంది.

కాంకార్డ్ మొదటిసారి ఎగిరింది 1969 మార్చి 2న. దానికి మూడు వారాల ముందే, ఫిబ్రవరి 9న, బోయింగ్ 747 ఎగిరింది. ఒకటి వేగం కోసం, మరొకటి ఎక్కువమందిని తక్కువ ఖర్చుతో తీసుకెళ్లడం కోసం. కాంకార్డ్‌లు 20 మాత్రమే కట్టారు, అందులో 14 ప్రయాణికులకు అందాయి. 747లు 1,574 కట్టారు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన మన వాళ్లలో 747 ఎక్కినవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. కాంకార్డ్ ఎక్కినవాళ్లను వెతకాలి.

ఇక ఎక్స్-59. దాని పొడవు సుమారు 30 మీటర్లు, రెక్కల వెడల్పు 9 మీటర్లే. పొడవులో మూడో వంతు సూదిలాంటి ముక్కే. ఆ ముక్కు వల్ల పైలట్‌కు ఎదురుగా అద్దమే లేదు. కెమెరా చూపే బొమ్మను తెర మీద చూస్తూ నడపాలి. ఇంజిన్‌ను విమానం వీపు మీద పెట్టారు, అక్కడ పుట్టే అలలు పైకి పోవాలని. అసలు కిటుకు ఏమిటంటే, మామూలు విమానంలో ముక్కు, రెక్క, తోక దగ్గర పుట్టే ఒత్తిడి అలలు కిందికి వచ్చేలోపు ఒకదాన్నొకటి కలుపుకుని రెండు పెద్ద దెబ్బలుగా మారతాయి. వాటిని కలవనీయకుండా విడివిడిగా దింపితే చప్పుడు చిన్న చిన్న ముక్కలుగా చెదిరిపోతుంది. ఈ ఆలోచన 1960ల నాటిది. 2003లో ముక్కు మార్చిన ఎఫ్-5 యుద్ధ విమానంతో అది నిజమేనని నిరూపించారు. కాంకార్డ్ చప్పుడు సుమారు 105 డెసిబెల్స్ అనుకుంటే, ఎక్స్-59 లక్ష్యం 75. చెవికి పది డెసిబెల్స్ తగ్గితే చప్పుడు సుమారు సగమైనట్టు ఉంటుంది కాబట్టి, ముప్పై తగ్గితే ఎనిమిదో వంతన్నమాట. పక్కింటివాళ్లు కారు తలుపు వేసినంత, అంటున్నారు నాసా వాళ్లు.

మరో దారి కూడా ఉంది. 2025 జనవరి 28న బూమ్ అనే ప్రైవేటు కంపెనీ కట్టిన ఎక్స్‌బీ-1 మొహావీ ఎడారి మీద ధ్వని వేగాన్ని దాటింది. నేల మీద చప్పుడు వినిపించలేదని కంపెనీ ప్రకటించింది. ఇందులో మాయ లేదు. నేలకు దగ్గరి గాలి వెచ్చగా ఉంటుంది, వెచ్చటి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. అందువల్ల కిందికి వచ్చే అల వంగి మళ్లీ పైకి పోతుంది. ఎండాకాలం తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది కూడా, వెలుగు ఇలా వంగడం వల్లే. కాకపోతే ధ్వని వేగాన్ని కొద్దిగా మించినంత వరకే ఇది పనిచేస్తుంది. యీగర్ వేగం గంటకు 1,127 కిలోమీటర్లే, నేల దగ్గర ధ్వని వేగం 1,225 కదా అని తెలివైన పిల్లవాడు అడిగితే, జవాబు కూడా ఇదే. పదమూడు కిలోమీటర్ల ఎత్తులో చలికి ధ్వని 1,062 కిలోమీటర్ల వేగంతోనే పోతుంది.

ఈ రెండు విమానాల మధ్యలో, 2025 జూన్ 6న అమెరికా అధ్యక్షుడు 1973 నాటి నిషేధాన్ని ఎత్తేయమని ఆదేశించారు. నిషేధం బదులు చప్పుడుకు ఒక హద్దు పెట్టి, ఆ హద్దు లోపల ఉన్నవాటిని ఎగరనివ్వాలన్నది ఆలోచన. ఆ హద్దు ఎంత ఉండాలో చెప్పడానికే ఎక్స్-59ను అమెరికాలోని కొన్ని ఊళ్ల మీద ఎగరేసి, కిందివాళ్లను అడుగుతారు. ఆ జవాబులు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు చేరతాయి. రేపు ప్రపంచమంతటికీ వర్తించే ప్రమాణం వాటి మీద నిలబడవచ్చు.

మా సందేహం ఇక్కడే. అమెరికాలో మూసిన కిటికీల వెనక, ఏసీ గదిలో కూర్చున్న మనిషికి కారు తలుపు చప్పుడుగా అనిపించేది, రేకుల ఇంట్లో తలుపులు తీసుకుని పడుకున్న పసిపిల్లకు ఎలా అనిపిస్తుంది? గంజాంలోనో హోసూరులోనో షోలాపూర్‌లోనో ఎవరైనా అడిగి చూస్తారా? అడగకుండానే వచ్చే ప్రమాణాన్ని మన ప్రభుత్వం 1979లోలా కాదనగలదా?

చప్పుడు ఎప్పుడూ తప్పే అని మేం అనడం లేదు. 2003 ఆగస్టు 1న తేజస్ తొలిసారి ధ్వని వేగాన్ని దాటింది. ఆ కార్యక్రమాన్ని నడిపి, విమానానికి ముఖ్య రూపకర్తగా ఉన్నది ఒడిశాలోని బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు. ఆయన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా పనిచేశారు. దేశ రక్షణ కోసమని తెలిశాక బెంగళూరు జనం 2020 నాటి చప్పుడును తేలిగ్గానే తీసుకున్నారు. వాయుసేన కూడా అలాంటి ప్రయోగాలను ఊళ్లకు దూరంగా, కేటాయించిన గగనతలంలోనే చేస్తుంది. కానీ టికెట్టుకు ఎంతైనా పెట్టగల కొద్దిమందికి మూడు నాలుగు గంటలు మిగలడం కోసం, ఆ టికెట్టు జన్మలో కొనలేనివాళ్లు చప్పుడు వినాలా అన్నది వేరే లెక్క. పైగా ఒక్కో ప్రయాణికుడికి అయ్యే ఇంధనం మామూలు విమానం కన్నా చాలా ఎక్కువ. చప్పుడు తగ్గించినా అది తగ్గదు.

బెంగళూరు బళ్లలో టీచర్లు ఒక పని చేయవచ్చు. 2020 మే 20 మధ్యాహ్నం మీరు ఎక్కడున్నారు, ఆ చప్పుడు ఎలా వినిపించింది, మొదట ఏమనుకున్నారు, అలాంటిది రోజుకు ఎనిమిదిసార్లు వస్తే ఎలా ఉంటుంది అని ఇంట్లో అమ్మానాన్నలనూ, ఇరుగుపొరుగునూ అడిగి రాసుకు రమ్మని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పండి. జవాబులు తెలుగులో, కన్నడలో, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చెబితే అలాగే రాయనివ్వండి. రాసినవి మా పేజీకి పంపితే అచ్చు వేస్తాం.